గర్భసంచి తీయించుకోమంటున్నారు, నొప్పి పేగుదేమోనని నా అనుమానం

ప్రశ్న

నమస్కారమండీ. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నరగా పొత్తికడుపులో వారానికి రెండు మూడు రోజులు మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం ఉంటున్నాయి. విరేచనమయ్యాక కొంత తగ్గుతుంది, నెలసరి ముందు మాత్రం బాగా పెరుగుతుంది. కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు నీళ్ల విరేచనాలు. స్కానింగులో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డ) కనబడిందని, గర్భసంచి తీయించుకుంటే సరిపోతుందని ఒక డాక్టరుగారు చెప్పారు. మా అత్తగారిదీ అదే మాట. రక్తస్రావం మామూలుగానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1

నేను జీర్ణకోశ వైద్యుణ్ణి. ఆపరేషన్ విషయంలో దయచేసి తొందరపడకండి. కనీసం ఆరు నెలల కిందట మొదలై, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి వస్తూ, అది విరేచనంతో ముడిపడి ఉండి, విరేచనాల సంఖ్యా తీరూ మారితే, పేగు సమస్యలను గుర్తించడానికి నిపుణులు రూపొందించిన 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం దాన్ని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు పనితీరు, సున్నితత్వం మారడం వల్ల వచ్చే సమస్య) అంటారు. మీరు రాసింది చాలావరకు అదే. నెలసరి సమయంలో విడుదలయ్యే, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పేగు కండరాలను కూడా బిగిస్తాయి కాబట్టి, ఆ రోజుల్లో నొప్పి పెరిగినంత మాత్రాన అది గర్భసంచిదే అనుకోకూడదు. అయితే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడం) కూడా ఇలాగే కనిపించవచ్చు. నెలసరిలో విరేచనానికి వెళ్లినప్పుడు గానీ కలయికలో గానీ లోతుగా నొప్పి ఉంటే గైనకాలజిస్టుకు మొహమాటపడకుండా చెప్పండి. రక్తహీనత, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే పేగు జబ్బు), మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును తెలిపే ప్రొటీన్) పరీక్షలు చేయించండి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, నిద్రలోంచి లేపేలా విరేచనాలైనా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష) ఆలోచించాలి.

జవాబు 2

నాకు 33వ ఏట గర్భసంచి తీసేశారమ్మా. నొప్పి అలాగే ఉండిపోయింది. అది ఐబీఎస్ అని నాలుగేళ్ల తర్వాత తెలిసింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందున్నాయని తరువాత చదివి ఎంతో బాధపడ్డాను. డైటీషియన్ సలహాతో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు నాలుగు వారాలు మానేసి, ఆపైన ఒక్కొక్కటే తిరిగి తిని చూశాను. నాకు పడనివి ఉల్లి, వెల్లుల్లి, పాలు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతోనే పోపు పెడతాను. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నూనెలో కరగదు కనుక రుచి మాత్రమే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆపరేషన్ తేదీ వాయిదా వేయించాను. ఇసబ్‌గోల్ వాడవచ్చా?

జవాబు 1

వాడవచ్చు. రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ నెమ్మదిగా పెంచండి. గోధుమ తవుడు వద్దు, ఉబ్బరం పెరుగుతుంది. తగ్గకపోతే డాక్టరు 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ రాయవచ్చు, అది దిగులుకు వాడే మందని ఇంట్లోవాళ్లు భయపడితే, ఇంత తక్కువ మోతాదులో పేగు నరాల సున్నితత్వాన్ని తగ్గించడానికే ఇస్తారని చెప్పండి.