కరెంటు తిరిగి రాగానే తనంతట తాను తిరిగిన గ్రైండర్: మీ షాపుల్లో ఏ ఏర్పాటు ఉంది?

ఆటోనగర్_బాడీబిల్డింగ్, విజయవాడ

లారీ బాడీలు కట్టే మా షెడ్డులో పోయిన వారం వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది. సి-ఛానల్ (సి ఆకారపు ఇనుప కమ్మీ) కోస్తుండగా కరెంటు పోవడంతో, మా కుర్రవాడొకడు ఇనుము కోసే నాలుగంగుళాల చేతి గ్రైండర్‌ను బల్లమీద పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు. మిషన్ చప్పుడు ఆగింది గాని, స్లైడ్ స్విచ్ ముందుకు నెట్టి, గాడిలో పడి, ఆన్‌లోనే ఉంది. కరెంటు తిరిగి వచ్చిన మరుక్షణం అది బల్లమీద గిర్రున తిరిగి, కింద పడి, తన తీగను తానే కోసుకునేవరకు నేలమీద పరుగులు తీసింది. బల్ల పక్కన కూర్చుని బోల్టులు ఏరుతున్న వెల్డరుకు మడమ దగ్గర ప్యాంటు చిరిగింది తప్ప ఒంటిమీద గీత కూడా పడలేదు. వేసవిలో కరెంటు పోయి వస్తుండటం అందరికీ ఉన్నదే కాబట్టి, మీ షాపుల్లో దీనికి ఏం చేస్తున్నారో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు_వడ్రంగం

బ్రాడీపేటలో ఒక ఇంటి పనిలో ఇలాంటిదే చూశాను. అయితే అక్కడ కరెంటు పోలేదు. ముందురోజు సాయంత్రం ఎవరో స్విచ్ ఆపకుండానే ప్లగ్గు పీకి వెళ్ళిపోవడంతో, పొద్దున్నే ప్లగ్గు పెట్టగానే మిషన్ లేచింది. చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడానికి గార్డు (బ్లేడు మీది రక్షణ కప్పు) తీసివేసి ఉండటం వల్ల, కొత్తగా చేసిన టేకు తలుపు చట్రాన్ని కొరుక్కుంటూ పోయింది. ఇంటి యజమాని చట్రం గురించే బాధపడ్డాడు. కాలు పోనందుకు సంతోషించండి అని ఆయనతో అనే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నా ఉద్దేశంలో అసలు దోషం స్విచ్‌ది కాదు, గార్డు తీసివేయడానిదే.

మంగళగిరి_ఎలక్ట్రికల్

వడ్రంగం గారితో సగమే ఏకీభవిస్తాను. గార్డు ఉంటే దెబ్బ తగ్గుతుంది గాని, మిషన్ తనంతట తాను లేవడం ఆగదు. నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగే నాలుగంగుళాల వీల్ అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో కదులుతుంది; దాన్ని బల్లమీద ఒంటరిగా వదిలితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

మీకు దగ్గరలో ఉన్న లేత్ షాపుకు వెళ్ళి గమనించండి. కరెంటు పోయి వచ్చినా పచ్చ బటన్ నొక్కేవరకు లేత్ కదలదు, ఎందుకంటే డి.ఓ.ఎల్. స్టార్టరులోని (మోటారును నేరుగా లైనుకు కలిపే పెట్టె) కాయిల్‌కు వోల్టేజి అందకపోతే కాంటాక్టరు (ఆ కాయిల్ అయస్కాంత బలంతో అతుక్కునే స్విచ్) విడిపోతుంది, మళ్ళీ నొక్కితే గాని అతుక్కోదు. అదే పద్ధతిలో గ్రైండర్ల సాకెట్లకు 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టరును, పచ్చ, ఎర్ర బటన్లను పెట్టించుకోవచ్చు. లైట్లను, ఫ్యాన్లను దానికి కలపవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే లైను తెంచే బ్రేకరు) ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది షాక్ కొట్టకుండా కాపాడేది మాత్రమే, మామూలుగా కరెంటు పోయి వస్తే అది ఆన్‌లోనే ఉంటుంది.

ఐటీఐ_ఫిట్టర్, గుంటూరు

ఎలక్ట్రికల్ గారు చెప్పిన ఏర్పాటులో ఒక మెలిక ఉంది. ఒకే కాంటాక్టరు మీద నాలుగు గ్రైండర్లు నడుస్తున్నప్పుడు, కరెంటు వచ్చాక ఒకడు తన పని కోసం పచ్చ బటన్ నొక్కితే, మిగిలిన మూడింటిలో ఏ స్విచ్ ఆన్‌లో ఉండిపోయిందో ఆ మిషన్ కూడా లేస్తుంది. షెడ్డు ఆ చివర నొక్కినవాడికి ఈ చివర బల్లమీద ఏముందో కనిపించదు. కాబట్టి ఒక్కో సాకెట్‌కు ఒక్కో కాంటాక్టరు ఉండి తీరాలి. జనరేటరుకు మార్చినప్పుడు కూడా ఇదే ప్రమాదం ఉంటుందని మరువవద్దు.

చేయి వదిలితే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ ఉన్న మిషన్లు, కరెంటు తిరిగి వచ్చినా స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే తప్ప తిరగని మిషన్లు కూడా దొరుకుతున్నాయి. అయితే వేళ్ళు నొప్పి పుడుతున్నాయని ప్యాడిల్‌కు ఇన్సులేషన్ టేపు చుట్టి నొక్కిపెట్టిన ఘనులను కూడా చూశాను.

ఆటోనగర్_బాడీబిల్డింగ్, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. బల్ల దగ్గరి సాకెట్లకు విడివిడిగా కాంటాక్టర్లు పెట్టిస్తున్నాము. కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకి, తర్వాతే మిషన్ కింద పెట్టాలని కూడా చెప్పాము. కాని ఛాసిస్ కింద పని చేసేవారు ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కుని వెళ్తారు. దానికి ఏం చేయాలి?

మంగళగిరి_ఎలక్ట్రికల్

ఫిట్టర్ గారి మాట నిజమే, సాకెట్‌కు ఒకటి ఉండాలి. ఎక్స్‌టెన్షన్‌కైతే కాంటాక్టరు పట్టేంత ఇనుప పెట్టె తీసుకుని, ఒకే సాకెట్ పెట్టి, బటన్లను మూతమీద బిగించండి. నిప్పురవ్వలు పడే చోట ప్లాస్టిక్ పెట్టె కరుగుతుంది. ఇనుప పెట్టెకు మాత్రం ఎర్తు తీగ తప్పక కలపాలి. వెల్డింగ్ మిషన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఆ బాక్సుకు తగిలించవద్దు. దాని లోడుకు చిన్న కాంటాక్టరు లోపలి కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి, ఆ తర్వాత కరెంటు పోయినా విడిపోవు.