కామెడీ షోల్లో మన తెలంగాణ యాస: నవ్వి ఊరుకుందామా, నిలదీద్దామా?

హన్మకొండ టీచర్:
ఈ మధ్య ఒక కామెడీ షోలో చూసిన స్కిట్ చెప్తాను. ఇంటి యజమాని, ఆయన కూతురు, ఆమెను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు, అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడారు. పనిమనిషి వేషం వేసినాయన లోపలికి వచ్చి "ఏందమ్మా గిట్ల జేస్తివి" అన్నాడు. అందులో పంచ్ లేదు, కథలో మలుపూ లేదు. ఆ ఒక్క ముక్కకే జడ్జి పగలబడి నవ్వే షాట్ వేశారు, వెనక నవ్వుల మోత పెట్టారు. మర్నాడు మా ఎనిమిదో తరగతి పిల్లలు అదే గొంతుతో ఒక అమ్మాయిని ఏడిపించారు. ములుగు వైపు ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. ఆ రోజంతా క్లాసులో నోరు విప్పలేదు. ఇలాంటివి చూసి నవ్వి ఊరుకోవాలా, అడగాలా? మీరేమంటారు?

కాజీపేట తమ్ముడు:
మేడం, మీ బాధ అర్థమైంది. కానీ పిల్లలు ఏడిపించడానికి టీవీ ఒక్కటే కారణమా? జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో మొదలైంది. జనం చూడకపోతే ఇన్నేళ్ళు నడుస్తుందా? పొద్దంతా డ్యూటీ చేసి ఇంటికొచ్చిన మనిషికి అరగంట నవ్వు దొరుకుతోంది. గోదావరి యాస మీద జోకులు వేస్తారు, సీమ యాస మీదా వేస్తారు. మనకొక్కరికే ఎందుకింత కోపం? ఆ స్టేజీ ఎంతమందికి అన్నం పెట్టిందో చూడండి. మన సిరిసిల్ల వేణు ఎల్దండి అక్కడ టీమ్ నడిపినవాడే. 2023లో "బలగం" తీశాడు. ఊళ్ళల్లో తెర కట్టి మరీ చూశారు కదా.

జగిత్యాల అక్క:
తమ్మీ, నువ్వు చెప్పిన సినిమానే తీసుకో. అందులో అందరూ మన మాటే మాట్లాడతారు. తాత మాట్లాడతాడు, మనవడు మాట్లాడతాడు, కొట్లాడుకునే బావా బామ్మర్దులూ మాట్లాడతారు. నవ్వొచ్చిన చోట ఆ మనిషి బుద్ధికి నవ్వొస్తుంది. యాసకు కాదు. స్కిట్లలో అట్ల కాదు, మాటే జోకు. మా జిల్లా లంబాడిపల్లి గంగవ్వ సంగతీ అంతే. యూట్యూబ్‌లో మై విలేజ్ షో వీడియోల్లో నవ్వించేది ఆమే, మాట ఆమెది, తిట్టు ఆమెది. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు పోయినప్పుడు మా వాడకట్టంతా ఓట్లేసింది. ఒంట్లో బాగాలేక మధ్యలోనే బయటికొచ్చింది. ఉన్నన్నాళ్ళు ఒక్క మాట మార్చుకోలేదు. అందుకే ఆమె మాట్లాడితే మాకు చిన్నతనం అనిపించలేదు.

పరకాల అన్న:
ఇంత సాఫ్ట్‌గా మాట్లాడుకుంటే వాళ్ళు మారరు. 2021 జూన్‌లో శ్రీదేవి డ్రామా కంపెనీ అనే టీవీ షోలో ఒక నటుడు బతుకమ్మ, గౌరమ్మ మీద, మన భాష మీద నోరు జారితే పోలీసు ఫిర్యాదు పోయింది. అప్పుడే ఆయన క్షమాపణ చెప్పాడు. భయం ఉంటేనే జాగ్రత్త ఉంటది. అసొంటి వాళ్ళు ఈవెంట్లకు మన దగ్గరికి వస్తే స్టేజీ ఎక్కనియ్యొద్దు.

స్టేజీ మిమిక్రీ:
పరకాల అన్నా, ఆ చివరి మాట మాత్రం వద్దు. నేను కాలేజీ ఫంక్షన్లలో, పెళ్ళిళ్ళలో మిమిక్రీ చేస్తాను. స్టేజీ మీద నిలబడ్డవాడికి దెబ్బ తగిలితే, ఆ స్క్రిప్టు ఓకే చేసినవాడికి ఏమీ తగలదు.

మిగతా విషయంలో టీచర్‌గారితోనే ఉన్నాను, కారణం చెప్తాను. స్కిట్‌కు ఉండే టైమ్ తక్కువ. పాత్ర ఎవరో చెప్పడానికి నాలుగు డైలాగులు ఖర్చుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. లుంగీ కడితే రౌడీ, మన యాస పెడితే పనిమనిషో వాచ్‌మనో. జనానికి వెంటనే అందుతుంది. మగవాడికి చీర కట్టి, నడుము మీద, ఒంటి రంగు మీద జోకులేయడమూ ఇలాంటి అడ్డదారే. నేనూ స్టేజీ మీద చూస్తుంటాను, యాస మార్చగానే మొదటి నవ్వు వస్తుంది. అది నా నవ్వు కాదు, ఎప్పటినుంచో తయారుగా ఉన్న నవ్వు. రెండో నిమిషంలో సరుకు లేకపోతే హాలు చల్లబడుతుంది. టీవీలో ఆ చల్లబడటం కనిపించదు, ఎడిటింగ్‌లో జడ్జి నవ్వు అతికిస్తారు.

మన ఊరి నేరెళ్ళ వేణుమాధవ్‌గారిని తలుచుకోండి. వరంగల్ మట్టెవాడలో పుట్టి, మిమిక్రీ చేసే గొంతు ఒక్కదానితో 2001లో పద్మశ్రీ దాకా వెళ్ళారు. నాయకుల గొంతులు, నటుల గొంతులు పట్టారు. ఆయన అనుకరించింది పేరున్నవాళ్ళను, పైనున్నవాళ్ళను. కూలివాడి మాటను ఎగతాళి చేసి బతకాల్సిన అవసరం ఆ విద్యకు రాలేదు. మా గురువులు మాకు చెప్పే మొదటి పాఠం అదే.

కాజీపేట తమ్ముడు:
అన్నా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటా. కానీ ప్రతి స్కిట్‌కూ లెక్కలు తీస్తే రాసేవాడికి టెన్షన్ పట్టుకుంటది, ఇక మన యాసలో పాత్రే రాయడు. ఇప్పుడు అదీ పోతుంది. అది మీకు ఇష్టమా? నాకైతే కాదు.

జగిత్యాల అక్క:
మంచి ప్రశ్న అడిగినవు. మన యాసలో డాక్టరును రాయమను, కలెక్టరును రాయమను. అప్పుడు వాళ్ళమీద ఎన్ని జోకులైనా వెయ్యమను, నేనే ముందు నవ్వుతా.

ఇంకో మాట. మన మనిషి అని అభిమానం పెంచుకోవడం కూడా హద్దులో ఉండాలి. 2023 డిసెంబర్ 17న పల్లవి ప్రశాంత్ బిగ్‌బాస్ ఏడో సీజన్ గెలిస్తే రైతుబిడ్డ గెలిచిండని మేమూ సంబురపడ్డం. అదే రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టిండ్రు. ఆ బస్సులెక్కేది ఎవరు? మనమే. ఒక షో గురించి రోడ్డెక్కితే అట్లనే అయితది, పరకాల అన్నా.

పరకాల అన్న:
సరే, స్టేజీ మాట వెనక్కి తీసుకుంటున్న. మరి ఊరికే చూస్తూ కూర్చోవాలా?

లా స్టూడెంట్, సుబేదారి:
ఊరికే కూర్చోనక్కర్లేదు. కేబుల్ టీవీ నిబంధనలు 1994 నుంచి ఉన్నాయి. ఆరో నిబంధనలో ప్రోగ్రామ్ కోడ్ ఉంది. ఒక జాతినిగానీ, భాషనుగానీ, ప్రాంతంవాళ్ళనుగానీ కించపరిచేలా, వెక్కిరించేలా చూపించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆడవాళ్ళను కించపరచకూడదనీ ఉంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ, అందుకే గొడవ నేరుగా పోలీస్ స్టేషన్‌కో రోడ్డు మీదికో పోతుంది. 2021 సవరణ ప్రకారం ముందు ఛానల్‌కే రాయాలి, 15 రోజుల్లో వాళ్ళు తేల్చాలి. జవాబు నచ్చకపోతే ఛానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయొచ్చు, ఆ పైన కేంద్ర ప్రభుత్వ స్థాయిలో ఇంకో మెట్టు ఉంది. ఎపిసోడ్ తేదీ, సమయం, ఆ మాట వచ్చిన చోటు, ఏ నిబంధనకు విరుద్ధమో రాయండి. తిట్లు రాయకండి.

హన్మకొండ టీచర్:
ఇది ముందే తెలిసుంటే బాగుండేది, థాంక్స్ అమ్మా. ఎపిసోడ్ యాప్‌లో ఉంది, తేదీ, నిమిషం నోట్ చేసుకున్నాను. పనిమనిషి పాత్ర ఒక్కటే యాస మాట్లాడింది, మిగతా ఎవరూ మాట్లాడలేదు అన్నదే ముఖ్యమైన పాయింటుగా రాస్తాను.

కాజీపేట తమ్ముడు:
రాయండి మేడం. కానీ ఆ వేషం వేసినాయన పేరు పెట్టకండి. ఆయన ఏ ఊరోడో, ఎన్నేళ్ళు తిరిగితే ఆ ఛాన్స్ దొరికిందో మనకు తెలియదు.

హన్మకొండ టీచర్:
పెట్టను తమ్ముడూ. ఛానల్ పేరు మీదే పంపుతాను. రేపు సాయంత్రం డ్రాఫ్ట్ ఇక్కడే పెడతాను, సంతకం చేసేవాళ్ళు చేయండి. నీకు ఇష్టం లేకపోతే చేయకు, కానీ చదివి ఎక్కడ ఎక్కువ చేశానో చెప్పు.