ఒక్క పుస్తకమే అంటే ఏది: కిట్టేదా, నస్‌బామ్‌దా?

చదువరి: మా బృందానికి ఈసారి ఒక్క పుస్తకానికే వ్యవధి ఉంది. స్త్రీలు, వైకల్యం, న్యాయం మూడూ ఒకచోట కలవాలి. వడపోస్తే ఇద్దరు అమెరికన్ తత్వవేత్తల పుస్తకాలు, ఎవా కిట్టే ‘లవ్స్ లేబర్’ (1999), మార్తా నస్‌బామ్ ‘ఫ్రాంటియర్స్ ఆఫ్ జస్టిస్’ (2006) మిగిలాయి. నా ఓటు కిట్టేకి. సమాజం అంటే సమానులు కుదుర్చుకున్న ఒప్పందం అంటాడు న్యాయం మీద రాసిన తత్వవేత్త జాన్ రాల్స్. మంచాన పడ్డవాళ్లు, వాళ్లని చూసుకుంటూ గడప దాటలేని ఆడవాళ్లు ఆ ఒప్పందంలో ఎక్కడున్నారని ఆమె నిలదీస్తుంది.

అంచురాతలు: నస్‌బామ్ కూడా అడిగారండీ, కిట్టేని పేరుపెట్టి మరీ చర్చించారు. పైగా ఆవిడ దగ్గర 10 సామర్థ్యాల జాబితా ఉంది, గౌరవంగా బతకడానికి ప్రతి మనిషికీ అందాల్సినవి. పట్టుకుని వాదించుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

చదువరి: ఆ పుస్తకం తర్వాత దేశాల హద్దులు, జంతువుల న్యాయం దాకా పోతుంది... మా వాళ్లు అక్కడిదాకా రారు.

చక్రాలకుర్చీ: రెండింట్లోనూ మమ్మల్ని ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉంటారు, గమనించారా? నాకు స్నానానికి ఇంకో మనిషి కావాలి. కానీ ఎవరు, ఏ వేళకి, ఎలా అన్నది చెప్పేది నేను. స్వతంత్రం అంటే మాకు అదే. మమ్మల్ని వికలాంగుల్ని చేస్తున్నది సమాజమేనని బ్రిటన్‌లో యూపియాస్ అనే వికలాంగుల సంఘం 1976లోనే రాసింది. కిట్టే మాత్రం ‘ఆధారపడటం’ దగ్గరే మొదలుపెడుతుంది. సూసన్ వెండెల్ ‘ది రిజెక్టెడ్ బాడీ’ (1996) పెట్టుకోండి. దీర్ఘవ్యాధితో బతుకుతూ రాసింది.

అంచురాతలు: వెండెల్ మీ యూపియాస్ మాటని పూర్తిగా ఒప్పుకోరుగా! సమాజం ఎంత మారినా నొప్పీ నీరసమూ ఉంటాయంటారు.

చక్రాలకుర్చీ: ఒప్పుకోదు. అందుకే చెప్పాను. మాలో మాకున్న తగాదా అందులో ఉంది.

చదువరి: మీ మాట కాదనను. కానీ కిట్టే కూతురికి మాటలు రావు. ‘చెప్పేది నేను’ అనలేని మనిషి గురించి తల్లి రాయకపోతే ఎవరు రాస్తారు?

చక్రాలకుర్చీ: రాయాలి. తల్లి రాసినంత మాత్రాన అది కూతురి మాట అయిపోదు, అంతే నేననేది. కూతురి గురించి కిట్టే రాసిన ఆ చివరి అధ్యాయాలు చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఏ కోపమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చదువరి: అయితే కిట్టే చివరి అధ్యాయాలు, పక్కనే వెండెల్. మీ కోపం సంగతి కూడా అక్కడే మాట్లాడదాం, వస్తానంటే.

అంచురాతలు: ఒక్క పుస్తకమే అన్నారు?