1959 మెర్సిడెస్ 190 ఎస్ఎల్ రోడ్‌స్టర్ అమ్మకానికి ఉంది: కొనే ముందు ఏమేమి చూడాలి?

తిరుచానూరు వాసి:
అందరికీ నమస్కారం. చెన్నైలో ఒకరు తమ 1959 నాటి మెర్సిడెస్ బెంజ్ 190 ఎస్ఎల్ రోడ్‌స్టర్‌ను అమ్మకానికి పెట్టారు. వెండి రంగు, ఎర్ర తోలు సీట్లు, ఎడమ వైపు స్టీరింగు. బాడీని, ఛాసిస్‌ను విడదీసి పూర్తిగా పునరుద్ధరించామని ప్రకటనలో రాశారు. అడుగుతున్న ధర కోటి రూపాయలకు పైమాటే. మా నాన్నగారి కాలం నుండి ఇంట్లో ఫియట్, అంబాసిడర్ ఉన్నందున పాత బండ్ల చాకిరీ నాకు కొత్త కాదు గానీ, జర్మన్ బండి జోలికి ఎన్నడూ పోలేదు. చూడడానికి వెళ్లినప్పుడు దేనిని పరిశీలించాలో, తిరుపతికి తెచ్చుకుంటే కాగితాల సంగతి ఏమిటో, దీనిలో కొండకు వెళ్లి రావడం సాధ్యమేనా అన్నదీ తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

చిత్తూరు టింకరింగ్:
ఆ ప్రకటనలోని వాక్యమే నాకు నచ్చలేదండీ. 190 ఎస్ఎల్‌కు జీపుకు ఉన్నట్లు విడిగా ఛాసిస్ ఉండదు. ఆనాటి మెర్సిడెస్ వారి పాంటన్ అనే సెడాన్ కారు అడుగుభాగాన్నే కురచ చేసి, దానికి బాడీని వెల్డింగుతో కలిపేశారు. 1955 నుండి 1963 వరకు తయారైన 25,881 బండ్లూ అలా వచ్చినవే. విడదీయడానికి వీలులేనిదాన్ని విడదీశామని రాశారంటే, రాసినది బండి సంగతి తెలియని బ్రోకరైనా అయి ఉండాలి, లేదా చేసిన పని కంటే చెప్పుకున్నది ఎక్కువైనా అయి ఉండాలి. రంగంతా గీకి ఇనుము బయటపెట్టినప్పుడు, కొత్త రేకు అతికినప్పుడు తీసిన ఫోటోలు అడగండి. నిజంగా అంత పని చేయించినవారు వాటిని మనం అడగకముందే చూపిస్తారు.

రేకులోని సొట్టలు, రంధ్రాలు పూడ్చిన పుట్టీ ఎక్కడుందో తెలుసుకోవడానికి మనం అయస్కాంతం వాడతాం కదా, ఈ బండి దగ్గర దానితో కాస్త జాగ్రత్త. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంవి కాబట్టి అక్కడ అయస్కాంతం పట్టకపోవడమే సరైనది. పట్టిందంటే ఎవరో ఇనుప రేకుతో మార్చేశారన్నమాట. అది గట్టిగా పట్టవలసినవి మడ్‌గార్డులు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగాలు, కాళ్ల కింది రేకు. హెడ్‌లైట్ల వెనుక గూళ్లలో బురద, తేమ చేరి లోపలి నుండి తుప్పు తింటుంది, పైన రంగు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. చెన్నై సముద్రపు గాలిలో నిలిచిన బండి కాబట్టి లిఫ్టు మీద ఎక్కించి, చేతిదీపం పట్టుకుని కింద నుండి చూడనిదే బయానా ఇవ్వకండి.

ఇంజను 1,897 సీసీ, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. మొండి ఇంజనే, దానితో పేచీ తక్కువ. పేచీ అంతా ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి అందించే రెండు సోలెక్స్ కార్బురేటర్లతో. వాటిలో గాలి మూతను తిప్పే త్రాటిల్ షాఫ్టులు అరిగి పక్క నుండి గాలి పీలుస్తుంటే ఎంత ట్యూనింగు చేసినా ఐడ్లింగు (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడం) నిలవదు, అందుకే విసిగిన యజమానులు వేరే కంపెనీవైన వెబర్ కార్బురేటర్లు వేయించుకుంటారు. నడపడానికి అది మేలే గానీ బండి విలువకు దెబ్బ. మార్చి ఉంటే పాత సోలెక్సులను ఇవ్వమని అడగండి, లేవంటే ధరలో తగ్గించండి. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు తట్టుకోవు కాబట్టి అవి మార్చారా అన్నదీ చూడండి.

రేణిగుంట పాత బండ్లు:
కాగితాల గురించి నేను చెబుతాను. మెర్సిడెస్ వారి దగ్గర ప్రతి బండికీ ఫ్యాక్టరీ డేటా కార్డు ఉంటుంది. అందులో ఛాసిస్, ఇంజను, బాడీ నంబర్లతో పాటు మొదట వేసిన రంగు, సీటు తోలు సంకేతాలు కూడా ఉంటాయి. ఛాసిస్ నంబరు మడిచే బట్ట టాపు ఉన్న రోడ్‌స్టర్‌కైతే 121042తో మొదలవుతుంది, గట్టి టాపుతో వచ్చిన కూపేకైతే 121040తో. కార్డును చేతిలో పెట్టుకుని ఇంజను దిమ్మె మీది నంబరును మీ కళ్లతో చదవండి, ఆర్‌సీలో ఉన్నది చూసి సరిపెట్టుకోవద్దు. రంగు మారడం పెద్ద లోపం కాదు, ఇంజను మారడం మాత్రం చాలా పెద్ద లోపం.

2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు. నంబరులో రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసిన బండిని ఆ కోవలోకి తీసుకోరు, కాబట్టి పునరుద్ధరణ పేరుతో ఏం చేశారన్నది ఇక్కడ కూడా అడ్డు రావచ్చు. బండి ఇప్పటికే ఆ సిరీస్‌లో ఉంటే అమ్మినవారు, కొన్నవారు 90 రోజుల్లోగా తమ తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేయాలి. మామూలు తమిళనాడు ఆర్‌సీ అయితే ఫారం 28 కింద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెప్పించుకుని, ఆపైన 29, 30 ఫారాలతో పేరు మార్పించుకోవాలి. దేశంలోకి ఎలా వచ్చిందన్న కాగితం లేకపోతే నేనైతే అక్కడితో ఆపేస్తాను, బండి ఎంత అందంగా ఉన్నా సరే.

ఎడమ స్టీరింగుకు భయపడనక్కర లేదు. పనిచేసే సిగ్నల్ ఉంటే అటువంటి బండిని రోడ్డు మీద నడపవచ్చని మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ అంటుంది.

తిరుచానూరు వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. డేటా కార్డు గురించి ఫోనులో అడిగితే, తర్వాత చెబుతామన్నారు. కొండ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిత్తూరు టింకరింగ్:
ఎక్కడం కంటే దిగడమే చిక్కండీ. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. దిగే ఘాట్ రోడ్డు వంపుల్లో ముందు బస్సు ఆగుతూ సాగుతూ పోతుంటే డ్రమ్ములు కాగి పెడల్ పట్టు తగ్గుతుంది. రెండో గేరులో ఇంజను పట్టుతోనే దిగాలి. పైగా వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ తిరుగుళ్లకు అనుమతి లేదు, దర్శనం వాటిలో లేదు. డేటా కార్డు తర్వాత అన్నారంటే మీరు చెన్నై ప్రయాణం కూడా తర్వాతే పెట్టుకోండి.