‘కీడు’ ఎవరి చుట్టం? ‘చెడు’కా, ‘కింద’కా?

ఓరుగల్లు ఆడపడుచు:
మొన్న సంక్రాంతికి మా ఊళ్ళో “ఈ ఏడు కీడొచ్చింది, ఒక్క కొడుకున్న తల్లులు గాజులు వేసుకోవాలి” అని పుకారు లేచింది. అమ్మ టెన్షన్ పడి ఆ సాయంత్రమే డజను ఆకుపచ్చ గాజులు వేయించుకుంది. అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదలడం లేదు. హాని అనడానికి కన్నడంలో కేడు, తమిళంలోనూ కేడు. మన కీడు కూడా అదే అయ్యుండాలి. అవి ‘కెడు’ నుంచి వచ్చాయి, అంటే మన ‘చెడు’. కీడు, చెడు ఒక తల్లి పిల్లలే.

హోసూరు తెలుగు:
కాదండీ. అక్కడ ‘కె’, ‘కి’ ఉంటే మనకు ‘చె’, ‘చి’ వస్తుంది. కన్నడ కెరె మన చెరువు, కివి మన చెవి, తమిళ కిళి మన చిలుక. ఆ లెక్కన కేడుకు మన జోడీ ‘చేటు’. “పొగ ఆరోగ్యానికి చేటు” అంటాం కదా. మా ఊరి బ్రాందీ షాపు బోర్డు మీద ‘ఉయిరుక్కు కేడు’ అని ఉంటే మా నాన్న “ప్రాణానికి చేటు” అనే చదివి చెబుతారు.

కీడుకు జంట ఎవరో చూడండి: మేలు. “కీడెంచి మేలెంచాలి.” తమిళంలో మేల్ అంటే పైన, కీళ్ అంటే కింద. కన్నడంలో మేలు-కీళు అంటే ఎక్కువ తక్కువలు. కన్నడ ఏళు మనకు ఏడు, కోళి మనకు కోడి, మరి కీళు కీడు కాదా? మేలిమి బంగారం అన్నప్పుడు మేలు ఇంకా ‘పై రకం’ అనే అర్థంలోనే ఉంది. పాత తెలుగులో కీడుపడటం అంటే తక్కువైపోవడం. నా దృష్టిలో ఈ ఒక్క మాట చాలు.

కృష్ణాతీరం:
హోసూరు గారూ, మీ సూత్రం మీకే అడ్డం తిరుగుతోంది. కి ‘చి’ అయితే కీళు ‘చీడు’ కావాలిగా?

హోసూరు తెలుగు:
న్యాయమైన ప్రశ్న. ‘కింద’ను చూడండి, అదీ ‘చింద’ కాలేదు. ఒకప్పుడు అది ‘క్రింద’. మధ్యలో రకారం అడ్డుపడి క నిలిచింది. కీడు కూడా ఆ దారినే వచ్చిందని నా ఊహ. ఊహే, పట్టుబట్టను. మేలు-కీడు జంటను మాత్రం వదలను.

కృష్ణాతీరం:
మీకు బలం ఇచ్చేది ఒకటి నేనే చెబుతాను. సంస్కృతంలో హాని, హీనం రెండూ ‘హా’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి, విడవడం అని అర్థం. అక్కడా నష్టమూ తక్కువతనమూ ఒకే ఇంటివి.

ఓరుగల్లు ఆడపడుచు:
చేటు సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మా వైపు “ఊరికి కీడు సోకింది” అంటే అందులో ఎక్కువ తక్కువలు ఎక్కడా వినపడవన్నా. ఇళ్ళకు తాళాలేసి, కోళ్ళను గంపల్లో పెట్టుకొని, తెల్లారకముందే ఊరంతా పొలిమేర దాటుతుంది. చెట్ల కింద వండుకు తిని, పొద్దుగూకాకే తిరిగొస్తారు. అక్కడ కీడంటే బయటి నుంచి వచ్చి మీద పడేది. కింద అనే మాట మీద పడేదిగా ఎప్పుడు మారిందో, అది చెప్పండి.