అప్‌డేట్: గుడ్డ సంచి మీద కూపర్ బ్లాక్, కింద తెలుగు

షాపు పేరు కూపర్ బ్లాక్ అనే ఇంగ్లిష్ ఫాంట్‌లో పెట్టి కాటన్ సంచుల మీద స్క్రీన్ ప్రింట్ వేయిస్తే ఇంగ్లిష్ చిన్న అక్షరాలు ‘e’, ‘a’ లోపలి ఖాళీలు పూడిపోతున్నాయని, కింద తెలుగుకు జోడీ ఫాంట్ ఏదని అడిగాను కదా. రెండూ తేలాయి.

పూడిపోవడానికి కారణం అక్షరం ఆకారమే. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ దీన్ని ప్రకటనల కోసం గీశారు: ఒళ్లు బాగా లావు, మూలలన్నీ గుండ్రన, లోపలి ఖాళీలు చాలా చిన్నవి. గుడ్డలో ఇంకు అంచులు దాటి పాకగానే ముందు మూసుకునేది ‘e’ కన్నే, అంటే దాని లోపలి ఖాళీయే. అందుకే అడోబీ ఇల్లస్ట్రేటర్ (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో అక్షరాలను అవుట్‌లైన్స్ (బొమ్మ గీతలు)గా మార్చాక, అక్షరం సన్నబడేలా ఆఫ్‌సెట్ పాత్ మైనస్ 0.15 మి.మీ. ఇవ్వండి; అంతకు ముందే ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) 15 పెంచండి. స్క్రీన్ తయారీకి తీసిన ఫిల్మ్ మీద స్కేలు పెట్టి చూడండి: ఆ కన్ను 1 మి.మీ. కన్నా సన్నగా ఉంటే సైజు పెంచాల్సిందే, ఇంకు పల్చన చేసి లాభం లేదు.

తెలుగుకు జోడీ, ఎక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు 2 ఫాంట్, ఎక్స్‌ట్రా బోల్డ్ (బాగా లావు రకం). ఉచితం. లావు, గుండ్రటి చివర్లు చక్కగా కలుస్తాయి. ‘లక్ష్మి’ లాంటి మాటలో వత్తు విడిపోతే ఇల్లస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఆన్ చేయాలి. లీడింగ్ (వరుసల మధ్య ఎడం) అక్షరం సైజులో 150 శాతం ఉంచకపోతే వత్తులు కింది వరుసకు తగులుతాయి.

వినైల్ (స్టిక్కర్ షీటు) కటింగ్‌కైతే ఇల్లస్ట్రేటర్ పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టి ఆకారాలన్నీ ఒకటిగా కలపడం తప్పనిసరి. లేదంటే గీతలు కలిసే చోట బ్లేడు అక్షరం మధ్యలోంచి కోసేస్తుంది.