కంప్యూటర్‌కి వైర్ హెడ్‌ఫోన్ కొనాలి, డాక్ (DAC) కూడా అవసరమా?

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇంట్లో డెస్క్‌టాప్‌కి మంచి వైర్ హెడ్‌ఫోన్ తీసుకుందామనుకుంటున్నాను. బ్లూటూత్ వద్దు, ఛార్జింగ్ గోల నావల్ల కాదు. ఎక్కువగా వినేది బాలమురళీకృష్ణ గారి కచేరీలు, రాత్రి అందరూ పడుకున్నాక.

ఇప్పుడున్నది క్యాబినెట్ ముందు జాక్‌లో పెడితే సన్నగా గుయ్‌మంటోంది. మౌస్ కదిపితే ఆ గుయ్ కూడా మారుతుంది! తంబూరా శ్రుతి ఒకటి, ఇదొకటి. వెనక జాక్‌లో కాస్త నయం. యూఎస్‌బీ డాక్ (కంప్యూటర్‌లోని డిజిటల్ ఆడియోని బయటే శబ్ద సంకేతంగా మార్చే చిన్న పరికరం) పెడితే పూర్తిగా పోతుందా, ఇంటి ఎర్తింగ్ కూడా చూపించుకోవాలా?

మనసు బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్ మీదుంది. అందులో 32, 80, 250 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం కొలత) రకాలున్నాయి. ఆంప్ (శబ్ద సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్) లేకుండా 80 ఓమ్‌లది మదర్‌బోర్డు మీద సరిగా పలుకుతుందా? ఓపెన్ బ్యాక్ (చెవి కప్పుల వెనక భాగం తెరిచి ఉండే రకం) అయితే కచేరీ ఇంకా విశాలంగా వినిపిస్తుందంటారు గానీ, బయటి చప్పుడు కూడా లోపలికొస్తుంది. మా ఫ్యాన్ కిర్రుకిర్రుమంటుంది, బెజవాడ ఎండల్లో దాన్ని ఆపే ధైర్యం నాకు లేదు.

అన్నీ కలిపి 20 వేలు దాటకూడదు. బీసెంట్ రోడ్డులో రెండు షాపులు తిరిగాను, ఒకసారి వినిపించండి అంటే సీలు తీయం అన్నారు. ఇక్కడ గానీ గుంటూరులో గానీ విని కొనుక్కునే చోటు ఏదైనా ఉందా అండీ?